నలభై ఐదు మీద వినవలసిన రికార్డు

గాజు పెంకులండీ, ఇంకేముంది! ఈ దేశంలో రోడ్లు ఊడవడం మానేసి ఎన్నాళ్ళయిందో మీకు తెలియదా? చలికాలమంతా మంచుమీద జారకుండా కంకర పోస్తారు, ఏప్రిల్ వచ్చినా ఎత్తరు. దాంట్లో పడి సీసా పెంకులు. స్టేషన్ నుంచి మీ కొట్టుకి పట్టుమని పది నిమిషాల దారి, సైకిల్ని నడిపించుకుంటూ వచ్చాను. ఈ వయసులో, ఈ మోకాళ్ళతో. పన్నులు మాత్రం అణా పైసలతో సహా లాగుతారు.

ఏదీ, దొరికిందా? ఒక్కటే చిల్లా?

గాజు అయితే చీలిక పడాలంటారా. అవునా... నాకేం తెలుస్తుందండీ, సైకిళ్ళ సంగతి. టైరు మీద గీత కూడా లేదా? పక్కనుంచి దిగిందా? పక్కనుంచి ఎలా దిగుతుందండీ, విడ్డూరం కాకపోతే.

అలా చూడకండి.

సరే. గుండుసూది. నేనే గుచ్చాను. స్టేషన్ బయట బల్లమీద కూర్చుని, కోటుకున్న సూది తీసి గుచ్చాను. ఒక పెద్దావిడ చూసింది కూడా. "నీ సైకిలేనా?" అని అడిగింది. నాదేనమ్మా అన్నాను. తల ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

ఎందుకంటే ఏం చెప్పను! ఉత్తచేతులతో మీ కొట్టులోకి ఎలా రాను? పంక్చరైన సైకిలుంటే కనీసం అరగంటసేపు నన్ను బయటికి పొమ్మనలేరు కదా. అంత లెక్క వేసుకుని వచ్చాను. స్టాక్‌హోం నుంచి రైల్లో ఈ సైకిల్ని పట్టుకుని నిలబడి వచ్చాను. దారంతా ఇదే ఆలోచన.

పేరా? చీటీమీదకా? హెన్నింగ్ అని రాయండి. ఇంటిపేరు అక్కర్లేదులెండి... మీ ఊళ్ళో హెన్నింగులు అంతమంది ఉన్నారా?

స్కూగ్. హెన్నింగ్ స్కూగ్.

అవును, ఆ స్కూగే. పేపర్లో రాసేవాణ్ణి. శుక్రవారం పేజీ, ఆ వారం వచ్చిన కొత్త రికార్డులు, జాజ్, దేశదేశాల సంగీతం. రిటైరయ్యాను గానీ ఆ పేజీ మాత్రం ఇంకా వదల్లేదు. ఫొటోలో జుట్టుండేది, అందుకే పోల్చుకోలేదు మీరు.

మీరు పని ఆపకండి స్టూరె గారూ. దయచేసి. ఆ చక్రం సరిచేస్తున్నారుగా, అదే చేసుకోండి. మీరు నా మొహం చూడకుండా ఉంటేనే నాకు నోరు పెగులుతుంది.

ఇదిగో. ఇది ఆ సంచిలోంచి తీస్తున్నాను, మీరు దూరం నుంచి చూస్తే చాలు. మధ్యలో తెల్ల కాగితం, పేరూ ఊరూ లేదు. దాని మీద పెన్సిలుతో "ఏ" అని రాసి ఉంది. అది మీ చేతిరాతేగా? ఫ్యాక్టరీవాళ్ళు అసలు డిస్కులు గుద్దే ముందు ఐదో ఆరో నమూనాలు పంపుతారు, అందులో ఒకటి. తొందరలో ఉన్న కంపెనీలు అవే మాకూ పంపించేవి. అట్ట ఉండదు, బొమ్మ ఉండదు.

మీ మరదలు హిల్లెవి మొదటి రికార్డు. మొదటిదీ, ఆఖరిదీ. పద్నాలుగేళ్ళయింది.

మీకు తెలిసినవే చెబుతున్నాను, తెలుసు నాకు. మీటల ఫిడేలు మీద మీ ఊరి పాత పెళ్ళిపాటలు, వెనక ఒక బేసు, ఒక డ్రమ్ముల కుర్రాడు. పాతదాన్ని జాజ్‌లోకి తీసుకొచ్చిన పని. రికార్డింగూ, మిక్సింగూ అన్నీ మీరే, మీ గరాజులో, ఒక చలికాలమంతా కూర్చుని. వరసగా చెప్పుకురాకపోతే చివరిదాకా వెళ్ళలేనండీ, అందుకే. కాస్త ఓర్చుకోండి.

నేనేం రాశానో కూడా మీకు చెప్పాలా? అక్కర్లేదులెండి. అందరికీ నోటికొచ్చు అది. "ఈ ఊరేగింపు చర్చికి చేరేలోపు పెళ్ళికూతురికి తల నెరుస్తుంది." ఎంత నవ్వారో ఆ వారం! మా ఆఫీసులో లిఫ్టులో ఒకాయన నన్ను ఆపి మరీ భుజం తట్టాడు.

దాని కిందే రెండోది. "శబ్దం మీద దుప్పటి కప్పి ఉంది. మిక్సింగ్ చేసిన మనిషి చెవుల్లో ఉన్ని పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు."

అది మీ గురించి.

కాఫీయా? నాకా? వద్దులెండి... సరే, ఆ థర్మస్ మూతలో కొంచెం పోయండి. నాకు కాఫీ పోస్తారని అనుకోలేదు. పాలు అక్కర్లేదు.

మీ ఊళ్ళో ఏం జరిగిందో నాకు ఈమధ్యే తెలిసింది. నిజంగా ఈమధ్యే, ఇది అబద్ధం కాదు. ఆ సంవత్సరం నడివేసవి పండక్కి అందరూ చేరినప్పుడు, హెర్రింగ్ చేపల పళ్ళెం చేతిలో పట్టుకుని హిల్లెవి మీతో అందట కదా, "నా పాట బాగానే ఉంది బావా, నీ చెవులే పోయాయి" అని. మీ ఆవిడ మధ్యలో కూర్చుని ఎవరివైపూ మాట్లాడలేకపోయిందట. ఉత్తరాన జరిగే సంగీతోత్సవంవాళ్ళు తమ జాబితాలోంచి హిల్లెవి పేరు తీసేశారు. ఆవిడ ఇక రికార్డు మాటే ఎత్తలేదు. మీరు చెవుల పరీక్షకి వెళ్ళారు.

అందులో వినికిడి తగ్గిందని వచ్చింది. ఏభై దాటితే ఎవరికి తగ్గదండీ? నాకూ తగ్గింది, మా వీధిలో కుక్కకీ తగ్గింది! కానీ మీరు ఆ కాగితం తీసుకొచ్చి ఫ్రిజ్ మీద అంటించారట. గరాజులో మెషీన్లన్నీ అమ్మేసి ఈ కొట్టు పెట్టారు.

ఎవరు చెప్పారంటే... స్వేయా చెప్పింది. హిల్లెవి కూతురు. మొన్న ఫోన్ చేసింది నాకు.

గొంతు ఎంత హుషారుగా ఉందో! "హెన్నింగ్, మా ముగ్గురి బృందం మొదటి రికార్డు శరదృతువులో వస్తోంది, మీరు వింటారా?" అంది. వింటాను అన్నాను. మాటల్లో మాటగా, మిక్సింగ్ ఎవరమ్మా అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. "మా పెదనాన్నని అడిగానండీ. స్టూరె. ఆయనైతేనే కుదురుతుంది, ఆ మీటల ఫిడేలులో కింద వాటంతటవే మోగే తీగల సంగతి ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కానీ 'నా చెవుల్ని నమ్ముకోకు తల్లీ' అంటున్నాడు. సోమవారంలోగా ఒప్పుకోకపోతే కంపెనీవాళ్ళు గోథెన్‌బర్గ్ మనిషికి ఇచ్చేస్తారట." అని, నవ్వి, "మీరే కదా అప్పట్లో ఉన్ని అని రాసింది" అంది.

నవ్వుతూనే అంది. ఎత్తిపొడుపు కూడా కాదు. అందుకే ఇంకా సిగ్గేసింది. తిట్టి ఉంటే తిరిగి ఏదో అనేవాణ్ణి, నాకు అలవాటేగా.

ఇవాళ శుక్రవారం. మీకు మధ్యలో రెండు రోజులున్నాయి. అందుకే వచ్చాను.

చెబుతాను, చెబుతాను. మీరు ఆ చక్రం పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటుతున్నారే, దేనికది? సాగిన పుల్ల శ్రుతి తగ్గుతుందా? ఇన్ని పుల్లల్లో తగ్గినదాన్ని చెవితో పట్టుకుంటున్నారు! ఇందాకటి నుంచి నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కసారైనా తప్పలేదు మీ చెయ్యి. మళ్ళీ "నా చెవుల్ని నమ్ముకోకు తల్లీ" అట. దేవుడా!

సరే. అది పెద్ద డిస్కు. పన్నెండు అంగుళాలది. పెద్ద డిస్కంటే నిమిషానికి ముప్ఫై మూడు చుట్లు, చిన్నదైతే నలభై ఐదు, ఇది పసిపిల్లలకి కూడా తెలుసు. మీరు ఏం చేశారు? పెద్దదాని మీద నలభై ఐదు వేగానికి గాడి కోయించారు. వేగం ఎక్కువైతే శబ్దం తేటగా ఉంటుందని. పాటలు పట్టక రెండు డిస్కులు చేయాల్సి వచ్చినా సరే, కంపెనీవాడితో పోట్లాడి మరీ చేయించారట.

నేను ముప్ఫై మూడు మీద పెట్టాను.

అంతేనండీ. అంతే. రెండు డిస్కులూ, నాలుగు వైపులూ, మొదటి నుంచి చివరిదాకా ముప్ఫై మూడు మీద విన్నాను. కాళ్ళు బారజాపుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "ఈడుపు, బరువు, మందకొడి" అని రాసుకుంటూ విన్నాను. పెళ్ళిపాటలు కాస్తా శవయాత్రకి వాయించినట్టు వినపడ్డాయి. మరి వినపడవా! ఫిడేలు వెళ్ళి ముసలి ఎద్దు గొంతు వేసుకుంది. దుప్పటి కప్పినట్టు ఉందన్నానే, ఆ దుప్పటి నేను కప్పిందే.

మీకు నవ్వొస్తోందా? లేదా. నవ్వొచ్చు మీరు. నవ్వితే నాకు బావుండును.

ముప్ఫై ఏళ్ళు ఇదే పని చేసినవాడికి ఆ మాత్రం తెలియదా అని అడుగుతారేమో. అడగండి. నేనూ అదే అడుక్కున్నాను. కానీ ఆ రోజుల్లో మన దగ్గర వచ్చే జాజ్ రికార్డులు ఎలా ఉండేవో గుర్తుందా మీకు? ఒక స్వరం వాయించడం, కిటికీలోంచి మంచు చూడటం, ఇంకో స్వరం వాయించడం. ప్రతి వారం నాలుగు వచ్చేవి అలాంటివి. అట్ట మీద నీలం రంగు సరస్సు, లోపల నిద్ర. ఇదీ ఆ కోవలోదే అనుకున్నాను! ఇంకే దేశంలోనైనా ఎవడికైనా అనుమానం వచ్చేది. మన దగ్గర రాలేదు.

మొదట్లో ఒక గొంతు "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతుంది, గుర్తుందా? బేసు వాయించే ఆయన గొంతు అనుకున్నాను, అంత లావుగా వినపడింది. హిల్లెవి గొంతట అది. ఆ ముక్క రివ్యూలో రాద్దామనుకుని చోటు చాలక కొట్టేశాను. రాసుంటే ఆ రోజే దొరికిపోయేవాణ్ణి. మీ అందరికీ ఈ పద్నాలుగేళ్ళూ మిగిలేవి.

చీటీ పెట్టారా? పెట్టారు. పెట్టకేం! ఇదిగో, ఇదీ తెచ్చాను. పసుపుపచ్చ కాగితం, మీ అక్షరాలు. "దయచేసి నలభై ఐదు మీద వినండి. మా రికార్డు కోసం మీ సమయం వెచ్చిస్తున్నందుకు కృతజ్ఞతలు. స్టూరె." 

నేను చదవలేదు. వినేముందు ఏ కాగితమూ చదవకూడదని నాకో నియమం. ఊరూరా ఉపన్యాసాల్లో చెప్పుకునేవాణ్ణి, "నా దగ్గరికి వచ్చే కాగితాలన్నీ తిరగేసి పెడతాను, నాకు చెవులు చాలు" అని. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. మీ చీటీని కూడా తిరగేసి, దాని మీద కాఫీ కప్పు పెట్టుకున్నాను. ఈ గుండ్రటి మరక అదే.

ఎప్పుడు తెలిసిందంటారా?

పోయిన నెలండీ. ఇల్లు చిన్నదానికి మారుతున్నాను కదా, రికార్డులన్నీ పెట్టెల్లో సర్దుతుంటే ఇది బయటపడింది, చీటీ కిందపడింది. చదివాను.

ఎవరో వచ్చారు, చూడండి. చూసుకోండి, చూసుకోండి, నాకేం తొందర లేదు.

...

మంచావిడలా ఉంది. ఆవిడ సైకిలుకి బుట్ట కొత్తది బిగించారా? "స్టూరె బిగిస్తే ఇక ఊడదు" అంటోంది నాతో, నేనేదో అనుమానపడ్డట్టు. మీరు ఊళ్ళో అంత మంచిపేరు తెచ్చుకున్నారన్నమాట. మిమ్మల్ని చూస్తే సంతోషంగానే కనపడ్డారు ఆవిడతో మాట్లాడుతుంటే. నేనే వచ్చి మళ్ళీ కెలికాను.

స్టూరె గారూ, పోయిన నెల కాదు.

ఆవిడ ఉన్నంతసేపూ ఆ అబద్ధాన్ని అలాగే ఉంచేద్దామా అని చూశాను. పద్నాలుగేళ్ళ పొరపాటు, ముసలాడికి నిన్నమొన్న తెలిసింది, పాపం పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఎంత బావుంటుంది అలా అయితే! మీరు నన్ను క్షమించేసేవారు కూడా. సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి.

నాకు నాలుగో రోజునే తెలిసింది.

శుక్రవారం అచ్చయింది. మంగళవారం ఒక పోస్టుకార్డు వచ్చింది, షెలెఫ్తియో నుంచి ఎవరో స్కూలు పంతులమ్మ. "అయ్యా, మేం ఆ రికార్డు పెట్టుకుని వంటింట్లో నాట్యం చేశాం. మా ఆయన స్టూలు మీద నుంచి పడ్డాడు. ఇంతకీ మీరు విన్నది ఏ రికార్డు?" అని. నేను నవ్వుకున్నాను, పల్లెటూరివాళ్ళు అనుకుని. కార్డు తీసి సొరుగులో పడేయబోతుంటే కప్పు కింద మీ చీటీ కనపడింది. ఆ మరక మధ్యలోంచి వెనక రాసిన అక్షరాలు మసగ్గా పైకి తేలాయి. తిప్పాను.

ఒక్కణ్ణే ఉన్నాను గదిలో, అయినా తలుపు వేసుకున్నాను.

మా ఎడిటరమ్మ సోల్‌వేగ్ దగ్గరికి వెళ్ళాను. వెళ్ళానండీ, ఆ మాత్రం చేశాను. వెళ్ళి ఏమన్నానో తెలుసా? "ఊరికే అడుగుతున్నాను, ఎవరైనా విమర్శకుడు రికార్డుని తప్పు వేగంలో విని రాసేస్తే ఏం చేస్తాం మనం?" అన్నాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. "అలాంటి గాడిద ఎవడైనా ఉన్నాడా హెన్నింగ్? ఉంటే ఏముంది, మంగళవారం మూలన రెండు లైన్లు వేస్తాం. వంటల పేజీలో ఉప్పు కొలత తప్పితే వేయడం లేదూ! వేసి, వాడికి ఒక కేకు కొనిపెడదాం, పాపం" అంది.

రెండు లైన్లు. కేకు కూడా. అంత తేలిక చేసి నా చేతిలో పెట్టిందావిడ. నేను కూడా ఆవిడతో కలిసి నవ్వి, నా గదికి వచ్చేశాను.

ఎందుకని మీరు అడగడం లేదు. నేనే చెబుతాను.

ఆ తల నెరవడం మాట అప్పటికే బయటికి పోయింది. రేడియోలో ఎవరో చదివారు. ఆ తర్వాత నా రివ్యూలన్నీ కలిపి పుస్తకం వేస్తే వెనక అట్టమీద అదే వేశారు. సంగీత కళాశాలలో "విమర్శ రాయడం ఎలా" అని నాచేత పాఠం చెప్పించారు, ఏటా. బోర్డు మీద మొదట రాసే వాక్యం అదే. "చూశారా పిల్లలూ, వేగం గురించి వేగం అనే మాట లేకుండా చెప్పడం!" అని చెప్పేవాణ్ణి. ఏటా చెప్పేవాణ్ణండీ. ఒక్క ఏడాది కూడా నోరు తడబడలేదు.

రిటైరైన రోజున ఆఫీసువాళ్ళు కప్పు బహుమతి ఇచ్చారు. దాని మీద కూడా అదే అచ్చు. ఇంట్లో ఎవరైనా వస్తే ఆ కప్పు వెనక్కి తిప్పి పెడతాను.

హిల్లెవిని ఒకసారి చూశాను, చెప్పనా? ఆరేళ్ళ క్రితం. ఉప్సాలాలో ఒక వృద్ధాశ్రమంలో మా అత్తగారు ఉండేవారు. బుధవారం పూట ఎవరో వచ్చి వాయిస్తారు అన్నారు. వచ్చింది మీ మరదలు. కుర్చీల్లో పదిమంది, అందులో ముగ్గురు నిద్ర. ఆవిడ ఆ పెళ్ళిపాటే మొదలుపెట్టింది. మొదలుపెట్టి ఎంత తొందరగా వాయించిందనుకున్నారు! ఎవరో తరుముతున్నట్టు. ఊపిరి తీసుకోవడం లేదు. కమాను జారుతోంది, స్వరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అయిపోయాక పక్కనున్న నర్సుతో నెమ్మదిగా అడిగింది, "మరీ ఈడ్చానా?" అని.

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మా అత్తగారి శాలువా చేతిలో ఉంది. ఆ ఒక్క మాట చాలు కదండీ ఎవడైనా ముందుకు వెళ్ళి కాళ్ళమీద పడటానికి? నేను వంటగదిలోంచి వెనక దారిన వెళ్ళిపోయాను. శాలువా కూడా పట్టుకుపోయాను. మా అత్తగారు ఆ సాయంత్రమంతా చలికి నన్ను తిడుతూనే ఉన్నారట.

ఏమన్నారు? హిల్లెవికి చెప్పానా అంటారా? లేదు. ముందు మీ దగ్గరికి వచ్చాను. మీరైతే కొట్టరని తెలుసు, స్వేయా మాటల్ని బట్టి. హిల్లెవి కొడుతుందేమో. కొడితే మంచిదే. ఇక్కడి నుంచి అటే వెళ్తాను. మీరు నమ్మకపోతే సైకిల్ ఇక్కడే పెట్టుకోండి, వెళ్ళొచ్చాకే తీసుకుంటాను.

రాయమంటే పేపర్లో కూడా రాస్తాను. వచ్చే శుక్రవారమే. పేరుతో సహా రాస్తాను. కప్పు బొమ్మ కూడా వేయమంటాను. ఇప్పుడు రాస్తే నాకేం పోతుంది, చెప్పండి! రిటైరైపోయాను, పుస్తకం అమ్ముడుపోయింది, ఆ పిల్లలందరూ ఎక్కడెక్కడో విమర్శలు రాసుకుంటున్నారు. పోయేది ఏమీ లేనప్పుడు వచ్చాను. అదీ నా ధైర్యం.

మీరు మాత్రం స్వేయాకి సరే అనండి. నా కోసం కాదు, ఛ, నేనెవర్ని. ఆ ఫ్రిజ్ మీద కాగితం పీకేయండి. మీ చెవులకి ఏమీ కాలేదు. నా మాట నమ్మొద్దు, నా మాట నమ్మబట్టే ఇంత జరిగింది. ఆ పుల్లల్ని నమ్మండి, పోనీ.

ఊఁ?

ఏమిటి, మళ్ళీ అనండి. ఈ చెవితో సరిగా వినపడదు నాకు.

నలభై ఐదు మీద ఎలా ఉందనా?

ఇదా మీరు అడిగేది? నా మీద అరవరు, తిట్టరు, పద్నాలుగేళ్ళు ఏం చేశావురా అని అడగరు. శబ్దం ఎలా ఉందని అడుగుతారు!

అంటే... నేను విన్నానని మీకెలా తెలుసు? చీటీ చూసినవాడు ఎవడైనా వింటాడు, అంతేగా. అవును. ఆ మంగళవారమే పెట్టాను, తలుపు వేసుకుని. మొదట "ఒకటి, రెండు, మూడు" అని ఆడగొంతు. హిల్లెవిది.

తర్వాత ఫిడేలు. కమాను తీగని తాకే ముందు చిన్న గీరు వినపడుతుంది చూడండి, అది మీరు ఉంచేశారు. ఇంకెవరైనా అయితే తుడిచేసేవారు. కింద మోగే తీగలున్నాయే, వాటిని ఫిడేలు వెనక పెట్టలేదు, కొంచెం ఎడమకి జరిపి గదిలో ఇంకెవరో కూర్చుని మెల్లగా పాడుతున్నట్టు పెట్టారు. బేసు ఎక్కడా అడ్డురాదు. డ్రమ్ముల కుర్రాడు మూడో దెబ్బ కావాలని కాస్త ఆలస్యంగా వేస్తాడు, నాట్యంలో పాదం గాల్లో ఆగినట్టు, ఆ ఆలస్యం అంతా స్పష్టంగా తెలుస్తుంది. మూడో పాటలో ఆవిడ తిరిగి మొదటికి వచ్చే ముందు ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరిని కూడా తుడవలేదు మీరు. నాలుగు వైపులూ విన్నాను. అయిపోయాక మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ముప్ఫై ఏళ్ళలో నా బల్ల మీదికి వచ్చినవాటిలో అలాంటివి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది నేను ఎక్కడా రాయలేదు.

ఏం చేస్తున్నారు? చేతులు తుడుచుకుంటున్నారెందుకు? ఫోనా... స్వేయాకేనా? ఇప్పుడేనా? మంచిది. చాలా మంచిది. మోగుతోందా?

ఆ అమ్మాయి ఎత్తేలోగా ఇంకొక్కటి వినేయండి. ఆమె వింటుండగా చెప్పలేను.

ఇందాక పుస్తకం అన్నాను, కప్పు అన్నాను. అవన్నీ తర్వాత వచ్చినవి. నాలుగో రోజుకి అవేమీ లేవు. ఆ మంగళవారం నాకు అడ్డం ఏమీ లేదు, రాయాల్సింది రెండు లైన్లే. విన్నది చెత్తగా ఉంటే చాలని ప్రార్థించుకుంటూ సూది పెట్టాను. చెత్త రికార్డుని తప్పుగా విన్నానని ఒప్పుకోవడం ఎవడికైనా తేలికే, నవ్వుకుని కేకు తినేస్తారు.

అది బాగాలేకపోయుంటే, స్టూరె గారూ, ఆ రోజే సవరణ వేయించి ఉండేవాణ్ణి.